షెడ్డుమాట

నా కలల్లో ఎవరికీ గొంతు ఉండదు. పెదాలు కదులుతాయి, నాకు అంతా అర్థమవుతుంది, బదులు కూడా చెబుతాను. చప్పుడు మాత్రం ఉండదు. ఒకసారి ఈ సంగతి మా ఆయనకు చెబితే డాక్టరుకు చూపించుకోమన్నాడు. ఆయన పురసవాక్కం మనిషి, బట్టల కొట్టువాళ్ళింట్లో పుట్టాడు. మిల్లు మనుషుల ఇళ్ళలో ఎలా మాట్లాడుకుంటారో ఆయనకేం తెలుస్తుంది?

మా నాయన వెంకటపతి పెద్దమిల్లులో నేతపని చేసేవాడు. మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో మా వీధి చివర రైలుకట్ట, కట్ట దాటితే మిల్లు ఎర్ర ఇటుకల గోడ. ఆ గోడ వెనక లూమ్ షెడ్డులో వందల మగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే, చెవిలో నోరు పెట్టి అరిచినా వినబడేది కాదు. అందుకని అక్కడివాళ్ళు గొంతు వాడటం మానేసి పెదాలతో మాట్లాడుకునేవారు. పెదాలను కాస్త ఎక్కువగా సాగదీసి, ముడిచి, అవసరమైతే వేళ్ళ సాయం తీసుకొని. తెలుగువాళ్ళు తెలుగులో, తమిళులు తమిళంలో కదిపేవారు గానీ ఏళ్ళ తరబడి ఎదురెదురుగా నిలబడటంతో ఎవరి పెదాలైనా అందరికీ తెలిసిపోయేవి. షెడ్డు ఈ చివరనుంచి ఆ చివరకు హాస్యాలాడుకునేవారు, తిట్టుకునేవారు, సంబంధాలు కూడా కుదుర్చుకునేవారు. దాన్ని మా ఇంట్లో షెడ్డుమాట అనేవాళ్ళం.

ఏళ్ళు గడిచేకొద్దీ నాయన చెవులు పోయాయి. దాంతో షెడ్డుమాట ఇంటికి కూడా వచ్చేసింది. అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలోనే నేర్చుకుంది. నేను పాలతో పాటు తాగాను. ఒకటో క్లాసులో ఆరోగ్యమేరి టీచర్ నా పేరు అడిగితే, ఇంట్లో చెప్పినట్టే సంయుక్త అని పెదాలతో చెప్పాను. మళ్ళీ అడిగితే పెదాలు ఇంకా బాగా సాగదీసి చెప్పాను. పాపం ఆవిడ మనసు కరిగిపోయి, సాయంత్రం అమ్మను పిలిపించి, ఇలాంటి పిల్లలకు వేరే బడి ఉందని ఓదార్చబోయింది. ఇంట్లో ఇది నోరు మూస్తే చాలునని మొక్కుకుంటున్నానని అమ్మ ఆవిడకు జవాబిచ్చింది. పెద్దయ్యాక నాకు టెలిఫోన్ ఎక్స్‌చేంజ్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు అమ్మ దాన్ని తలుచుకొని రెండు రోజులు నవ్వింది.

మిల్లు గేటు ఏడాదికి ఒక్కరోజు ఇంటివాళ్ళకు కూడా తెరిచేవారు. ఆయుధపూజ రోజు. యంత్రాలన్నీ ఆపి, జిడ్డు తుడిచి, ప్రతి మగ్గానికీ గంధం, కుంకుమ పెట్టి చామంతి దండ వేసేవారు. పైకప్పు రంపం పళ్ళలా ఉండి, గాజుపలకల్లోంచి వెలుతురు వాలుగా దిగేది. ఎంత ఊడ్చినా పోని దూదినూగు ఆ వెలుతురులో తేలుతూ, కాస్త దిగుతూ, ఎవరో పిలిచినట్టు మళ్ళీ పైకి పోతూ ఉండేది. నేను మెడ ఎత్తి నోరు తెరుచుకొని చూస్తూ నిలబడేదాన్ని. అంతకన్నా వింత ఇంకొకటి ఉంది. ఆ రోజు షెడ్డులో సూది పడినా వినబడేంత నిశ్శబ్దం. అయినా నేతగాళ్ళు ఒక్కరూ గొంతు వాడేవారు కాదు. లోపల కాలు పెడితే చాలు, వాళ్ళ గొంతు దానంతటదే ఆగిపోయేది. చలవ చేసిన చొక్కాల మగవాళ్ళు గుంపులు గుంపులుగా నిలబడి పెదాలు కదుపుతూ, భుజాలు అదిరేలా చప్పుడు లేకుండా నవ్వుతూ ఉంటే, పిల్లలం వాళ్ళ మధ్య బొరుగులు నములుతూ తిరిగేవాళ్ళం. మేం నమిలే చప్పుడే మాకు పెద్దగా వినబడేది.

నాయనకు గొంతు లేక కాదు. ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడో ఆయనకు తెలియదు, అదీ చిక్కు. మా పినతండ్రి కూతురి పెళ్ళిలో, పంక్తిలో కూర్చొని, పక్కనున్న స్నేహితుడు ఆరోగ్యసామి చెవిలో రహస్యంగా అనుకొని ఒక మాట అన్నాడు. సాంబార్లో పప్పు ఏ మూలన ఉందో వెతకాలని. ఆ రహస్యం వంటశాల దాకా వినబడింది. పెళ్ళికూతురి తండ్రి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, మగపెళ్ళివాళ్ళు పగలబడి నవ్వారు. నాయన తల వంచుకొని తిన్నాడు. ఆ రోజు మూసిన గొంతు మళ్ళీ తెరవలేదు.

అప్పటినుంచి ఆయన మాట అమ్మ నోట్లోంచి వచ్చేది. రేషన్ కొట్లో, బస్సులో, నా పెళ్ళిచూపుల్లో, ఆయన పెదాలు కదిలిస్తే అమ్మ గొంతు ఇచ్చేది. ఆయన చెప్పినదానికి తన సొంతం కూడా కాస్త కలిపి ఇచ్చేదని నా అనుమానం, ఎందుకంటే మా అత్తగారిని నాయన అంత పొగిడి ఉంటాడని నేను నమ్మను. ఏమైనా అది చక్కటి ఏర్పాటు. వాళ్ళిద్దరూ వీధి గుమ్మంలో ఆమె కూరగాయలు తరుగుతూ, ఆయన గోడకు ఆనుకొని, గంటల తరబడి మాట్లాడుకునేవారు. దారిన పోయేవాళ్ళకు ఆమె ఒక్కతే తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు కనబడేది.

తర్వాత అమ్మ కళ్ళకు జబ్బు చేసింది. మొదట మాకు తెలియలేదు. నాయన మజ్జిగ అడిగితే తువ్వాలు తెచ్చి ఇచ్చేది. ఆయన విసుక్కుంటే, నీకే పెదాలు సరిగ్గా ఆడటం లేదని ఆమె దబాయించేది. చివరికి కంటి ఆసుపత్రికి తీసుకుపోతే, కంటినరం ఎండిపోతోందని, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది చుక్కల మందుతో ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేమని అన్నారు. ఏడాది తిరిగేసరికి ఆమెకు వెలుతురు, మనిషి ఆకారం తప్ప మొహం తెలియకుండా పోయింది. పెదాలు అసలే కనబడవు.

ఆ ఇల్లు ఎలా అయిందో చెప్పడానికి నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. ఆమె మాట్లాడితే ఆయనకు తెలుసు, ఆమె పెదాలు ఆయన చూడగలడు కదా. ఆయన మాటే ఆమెకు అందదు. ఆయన బదులు చెబుతాడు, ఆమె ఆ వైపు మొహం పెట్టి కాచుకొని కూర్చుంటుంది, కాసేపటికి మాట్లాడటం మానేస్తుంది. చేత్తో పెదాలు తడిమి చూడమ్మా అని నేనొకసారి చెప్పి చూశాను. ఈ వయసులో మొగుడి మూతి తడుముతూ కూర్చుంటే వీధిలో ఆడవాళ్ళు ఏమనుకుంటారని కసిరింది. గొంతుతో మాట్లాడు నాయనా అని ఆయన్ని బతిమాలాను, కోప్పడ్డాను, రెండు ఆదివారాలు రాకుండా అలిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. నిజం ఏమిటంటే ఆయనకు సిగ్గు. ఊరంతా నవ్వినా ఓర్చుకున్నాడు గానీ తన గొంతు విని ఆమె నవ్వుతుందేమోనని భయం. ముసలితనంలో కొత్త పెళ్ళికొడుకు సిగ్గు పట్టుకుంటే ఎవరేం చేయగలరు?

మా పేటలో చరిత్ర ఉపన్యాసాలు మొదలైంది సరిగ్గా ఆ రోజుల్లోనే. మిల్లు మూతపడి రెండేళ్ళయింది. పప్పుల హోల్‌సేల్ వెంకట్రామ్ సెట్టి కొడుకు గురుప్రసాద్ కాలేజీలో పాఠాలు చెబుతాడు. మనిషి మంచివాడు, కాకపోతే దేన్ని చూసినా చరిత్రే అంటాడు. మా ఇంటి తిరగలి చూసి కూడా అన్నాడు. అతనే సత్రం మేడమీద, నెలకు రెండు ఆదివారాలు సాయంత్రం, మన పేట చరిత్ర అని పేరు పెట్టి మాట్లాడించడం మొదలుపెట్టాడు. మొదటిసారి పట్టుమని పదిమంది రాలేదు. వచ్చినవాళ్ళలో సగం మందికి ఫ్యాను గాలి కావాలి.

అప్పటిదాకా మా పేటవాళ్ళం ఊరు అడిగితే మద్రాసు అని ఊరుకునేవాళ్ళం. ఏ ప్రాంతమని గుచ్చి అడిగితే నీళ్ళు నమిలేవాళ్ళం. రైలుకట్ట అవతల అంటే చాలు, మర్యాదస్తులు కాఫీ గ్లాసు కింద పెట్టేసేవారు. అటువంటిది, మిల్లు శంఖం, అదే సైరన్, ఊదితే సగం పట్నం గడియారాలు సరిచేసుకునేదని కోదండరాం గారు ఉపన్యాసం ఇచ్చిన రోజునుంచి గాలి మారింది. ఆయన మిల్లు ఆఫీసులో లెక్కలు రాసి రిటైరయ్యాడు. పోలీసు నిక్కర్ల ఖాకీ అంతా మనం నేసిందేనని ఆయన చెబితే జనం చప్పట్లు కొట్టారు. సమ్మె రోజుల్లో మన బట్టే తొడుక్కొని వచ్చి మనల్నే లాఠీలతో కొట్టారని చెబితే చప్పట్లు ఇంకా గట్టిగా కొట్టారు. పేటలో ప్రతి ఇంటికీ ఒక గొప్ప పుట్టుకొచ్చింది. మా తాత తెల్లదొరకు గొడుగు పట్టాడని ఒకరు, మా తాత ఆ గొడుగు విరిచాడని ఒకరు. ఆటోవాళ్ళు మాత్రం మా పేటకు అప్పుడూ రామన్నారు, ఇప్పుడూ రామంటున్నారు. కాకపోతే ఇప్పుడు మేం వాళ్ళకు చరిత్ర చెప్పి మరీ నడిచి వస్తున్నాం. నేను ఎగతాళి చేస్తున్నాను గానీ, తొండియార్‌పేటలో కాపురమున్న దాన్ని, ఏ ఆదివారమూ మానలేదు.

ఆ ఏడు ఆయుధపూజకు ముందు ఆదివారం ఉపన్యాసం మిల్లు లోపలే, లూమ్ షెడ్డులోనే పెట్టడానికి గురుప్రసాద్ అనుమతి సంపాదించాడు. ఆపైన మిగిలిన మగ్గాలు కూడా పాత ఇనుముకు పోతాయి, షెడ్డు పడగొడతారు. మాట్లాడటానికి వెంకటపతి గారే రావాలని వచ్చి అడిగాడు. లెక్కలు రాసినవాళ్ళు చాలామంది మాట్లాడారు, నేసినవాళ్ళు ఒక్కరూ మాట్లాడలేదన్నాడు. నాయన చెయ్యి అడ్డంగా ఊపేశాడు. గురుప్రసాద్ లేవబోతుంటే గోడవారగా కూర్చున్న అమ్మ మాట్లాడింది.

"పోయి మాట్లాడయ్యా. ఇంట్లో ఎట్టా వినబడేది లేదు. ఆడన్నా నాలుగు మాటలు వింటాను."

నాయన ఆమె పెదాలు చూశాడు. గురుప్రసాద్ వైపు తిరిగి సరేనన్నట్టు తల ఊపాడు.

మా ఇంటి మేడమీద సాధన మొదలైంది. నా ఎక్స్‌చేంజ్ డ్యూటీ అయ్యాక నేరుగా పుట్టింటికే వెళ్ళేదాన్ని. హార్బరు వైపునుంచి గాలి, ఆరేసిన చీరలు మా ఇద్దరి మధ్య ఉబ్బుతూ వాలుతూ ఉండేవి. ఆయన ఆ చివర నిలబడి మాట్లాడేవాడు. నేను ఈ చివర నిలబడి, గొంతు ఎక్కువైతే అరచెయ్యి దించేదాన్ని, తక్కువైతే ఎత్తేదాన్ని. మొదటి రోజు వచ్చిన గొంతు తుప్పు పట్టిన గేటులా ఉంది. పక్కమేడ మీద వడియాలు తీస్తున్న పాప్పాత్తి ఎవరో కొట్టుకుంటున్నారనుకొని పరుగెత్తుకొచ్చింది. పోనుపోను గేటుకు నూనె పడింది. నేను చిన్నప్పుడు విన్న గొంతు అది. కాస్త బొంగురుగా, మాట చివర కొద్దిగా ఎత్తి పలికే గొంతు. అది ఇన్నేళ్ళు ఆయన దగ్గరే ఉందని, ఎక్కడికీ పోలేదని అనుకుంటే నాకు ఏడుపు వచ్చింది. కళ్ళలో దుమ్ము పడిందని చెప్పాను, ఆయన నమ్మలేదు.

కింద అమ్మ పని మానేసి మెట్ల మొదట్లో కూర్చునేది. పైకి చెవి ఒగ్గేది. కానీ నాయన మెట్లు దిగగానే గొంతు మేడమీదే వదిలేసి వచ్చేవాడు. ఆమె పక్కనుంచే పోయి, కాళ్ళు కడుక్కొని, పళ్ళెం ముందు కూర్చునేవాడు. ఆమె కూడా అడిగేది కాదు. అడిగి చెప్పించుకునే మాట మాటేనా అన్నట్టు మూతి బిగించుకొని వడ్డించేది. వీళ్ళిద్దరినీ చెరొక చెవీ పట్టుకొని కుదిపేయాలనిపించేది నాకు.

ఆ ఆదివారం మిల్లు గేటు ముందు అంత జనం ఉంటారని ఎవరూ అనుకోలేదు. ఆడవాళ్ళు తలలో పువ్వులు పెట్టుకొని వచ్చారు. లోపల సగం మగ్గాలు అప్పటికే వెళ్ళిపోయాయి, నేలలో బోల్టులు మాత్రం మొలకల్లా నిలబడి ఉన్నాయి. మిగిలిన వాటికి ఎవరు చెప్పారో ఏమో, మనుషులు ఇంటినుంచి తెచ్చుకున్న కుంకుమ పెడుతున్నారు. గాజుపలకల్లోంచి సాయంత్రపు ఎండ వాలుగా దిగుతోంది. మిల్లు ఆగి రెండేళ్ళయినా ఆ నూగు ఎక్కడినుంచి వచ్చిందో, తేలుతూనే ఉంది. నేను అమ్మ చెయ్యి పట్టుకొని ముందు వరసలో కూర్చోబెట్టాను. నూగు కనబడుతోందా అని అడిగితే, వెలుతురు కనబడుతోంది, నూగు నాకు తెలుసులే అంది. నేను మేలుకొని ఉన్నానో లేదో నాకే సందేహం వచ్చింది. పాత నేతగాళ్ళు ఒక్కొక్కరే గుమ్మం దాటి లోపలికి వస్తున్నారు, గొంతులు ఆగిపోతున్నాయి, పెదాలు కదులుతున్నాయి.

అప్పుడే నాకు తట్టింది. సాధన మేడమీద చేయించాను. ఇది షెడ్డు.

గురుప్రసాద్ పొడుగ్గా పరిచయం చేశాడు. నాయన ఇస్త్రీ చొక్కా సర్దుకొని బల్ల మీదికి ఎక్కాడు. నేను నేర్పినట్టే మైకుకు జానెడు దూరంలో నిలబడ్డాడు. అందరి వైపూ చూశాడు. తర్వాత మగ్గాల వైపు చూశాడు. పెదాలు విప్పాడు.

చప్పుడు రాలేదు. ఆయన మాట్లాడుతున్నాడు, చక్కగా, తడబాటు లేకుండా, చెయ్యి ఊపుతూ. ఈ షెడ్డులో గాలి ఎప్పుడూ తడిగా ఉండాలి, లేకపోతే దారం తెగుతుంది, అందుకని పైనుంచి మంచులాగా నీళ్ళు చిమ్మేవాళ్ళు అని చెబుతున్నాడు. పెదాలతో మాత్రమే. మైకుసెట్టు మనిషి కంగారుగా వచ్చి మైకును తట్టాడు, టక్ టక్ అని షెడ్డంతా మోగింది. వైరు పీకి మళ్ళీ పెట్టాడు. వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. పాపం గురుప్రసాద్ మొహం పాలిపోయింది. నేను లేచి అరచెయ్యి పైకెత్తాను, ఇంకా పైకెత్తాను. నాయన నా వైపు చూడటం లేదు. తన గొంతు పలకడం లేదన్న సంగతి ఆయనకు తెలిస్తే కదా.

"ఏం, ఇంకా మొదలుపెట్టలేదా?" అంది అమ్మ.

"మాట్లాడుతుండాడమ్మా. షెడ్డుమాట."

"ఈడ గూడానా?" అంది అమ్మ. అని, పమిట కొంగు ఒళ్ళోకి లాక్కొని దాన్నే మడతలు పెడుతూ కూర్చుంది.

నేను ఆమె చెవిలో చెప్పబోయాను. రోజుకు వెయ్యిమందికి నంబర్లు చెప్పే గొంతు నాది, ఆ క్షణాన ఒక్క ముక్క పెగల్లేదు. ఆమె కొంగు మడిచేసి మళ్ళీ విప్పుతోంది.

అప్పుడు నా వెనకనుంచి ఒక గొంతు లేచింది. ఆరోగ్యసామి మామది. నాయన మగ్గాలకు ఎదురు మగ్గాలు ఆయనవి, జీవితమంతా నాయన పెదాలు చూసినవాడు.

"తలలో నూగు, మీసంలో నూగు," అన్నాడు, తమిళం యాస తెలుగులో, నాయన పెదాలనే చూస్తూ. "పొద్దున నల్లగా వచ్చినోడు సాయంత్రం తెల్లగా పొయ్యేవోడు."

ఇంకో గొంతు కలిసింది. ఆ పైన ఇంకోటి. సుబ్బన్ అని ఒక పొడుగాటి ఆయన తమిళంలోకి మార్చి చెబుతున్నాడు. మూలమూలల్లో కూర్చున్న నేతగాళ్ళంతా, ఏళ్ళ తరబడి ఈ షెడ్డులో గొంతు విప్పనివాళ్ళు, ఒకరికొకరు అందిస్తూ నాయన మాటను పైకి చెప్పడం మొదలుపెట్టారు. ఒకరు ముందు, ఒకరు వెనక, సరిగ్గా కలవకుండా, గుడిలో అందరూ కలిసి పాడుతున్నట్టు. అమ్మ తల ఎత్తింది. ఆ గొంతులు షెడ్డు నాలుగు వైపులనుంచీ వచ్చి ఆమె చుట్టూ చేరుతున్నాయి. నాయనకు వినబడదు కదా. తన మాటలకు సరిగ్గా అంతమంది పెదాలు కదలడం చూసి ముందు తెల్లబోయాడు, తర్వాత మొహమంతా నవ్వుతో నిండిపోయింది. ఇక ఆగలేదు. దారం తెగితే కంటితో కాక వేలితో ఎలా తెలుస్తుందో చెప్పాడు. షెడ్డుమాటతో సూపర్‌వైజరు ముందే ఆయన్ని ఎలా తిట్టేవాళ్ళో చెప్పాడు, జనం విరగబడి నవ్వారు. పెళ్ళయిన కొత్తలో ఆయుధపూజకు అమ్మను ఇక్కడికి తీసుకొచ్చిన సంగతి ఎత్తాడు.

"ఆకుపచ్చ కోక కట్టుకొని వచ్చింది," అన్నాయి గొంతులు. "గంధం పూసిన మగ్గం చూసి, ఇదేనా నా సవతి అనింది."

అమ్మ సిగ్గుతో నవ్వి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అటుపైన నాయన ఆమె వైపు తిరిగి ఇంకొక మాట అన్నాడు. గొంతులు అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఆ మాట నేను చూశాను. చెవులు మిల్లుకు ఇచ్చేసినాను, కండ్లు గూడా అడిగుంటే నావే ఇచ్చుందును, నీవి ముట్టుకోవద్దని చెప్పుందును, అన్నాడు. అది మొగుడు పెళ్ళానికి చెప్పుకునే మాట. దాన్ని ఆమెకు పరాయి మగవాళ్ళు చెప్పడం ఏమిటని నేతగాళ్ళందరికీ ఒకేసారి తోచింది. ఆరోగ్యసామి మామ తల దించుకొని తన చెప్పులు చూసుకుంటున్నాడు.

అమ్మ అటూ ఇటూ మొహం తిప్పింది. "ఏమన్నాడు? ఎందుకు అందరూ ఊరకున్నారు?" అని అడిగింది.

"అక్కా, అది మేం చెప్పేది కాదు," అన్నాడు ఆరోగ్యసామి మామ. "అన్నే చెప్పాల."

అమ్మ నాయన ఉన్న వైపు మొహం ఎత్తింది. "ఏమంటివి?" అని అడిగింది. ఆయన ఆమె పెదాలు చూశాడు. ఆమె మొహం తనకు కాస్త పక్కగా, ఎవరూ లేని చోటికి తిరిగి ఉండటం కూడా చూశాడు. అప్పటిదాకా ఉన్న నవ్వు పోయింది. చెయ్యి మెల్లగా తన గొంతు మీద పెట్టుకున్నాడు. అది అదరడం లేదని, ఇంతసేపూ అదరలేదని ఆయనకు అప్పుడు తెలిసింది. జనాన్ని చూశాడు, నన్ను చూశాడు. దిగి బయటికి వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. ఆయన గొంతు మీద చెయ్యి తీయకుండానే మైకు మీదికి వంగాడు.

"పుష్పవల్లీ."

ఆమెను పేరు పెట్టి పిలవడం నేను ఎప్పుడూ ఎరగను. అది షెడ్డు కప్పుకు తగిలి, గాజుపలకలు అదిరి, బయట పెట్టిన లౌడ్‌స్పీకర్లోంచి రైలుకట్ట దాకా పోయింది. చంటిపిల్లలు ఉలిక్కిపడి ఏడ్చారు. ఒక్కరు కూడా నవ్వలేదు. కళ్ళ గురించి అన్న మాట ఆయన మళ్ళీ అనలేదు, అది గొంతుకు ఎక్కే మాట కాదు. దానికి బదులు ఇంకొకటి అన్నాడు, అంతే పెద్దగా.

"ఇంతకాలం నా మాట చూస్తివి. ఇంకమీద విను."

అమ్మ చెంపలమీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. మొహం సరిగ్గా ఆ గొంతు వచ్చిన వైపుకు తిప్పుకొని, పెదాలు విప్పింది. చప్పుడు లేకుండా, షెడ్డుమాటలో, నాయనకు, నేతగాళ్ళకు, నాకు మాత్రమే తెలిసేలాగా అంది.

మెల్లిగా చెప్పయ్యా. చెవుడు నాకు కాదు గదా.

నేతగాళ్ళ భుజాలు చప్పుడు లేకుండా అదిరాయి. ఏమందండీ, ఏమందండీ అని గురుప్రసాద్ నన్ను అడుగుతున్నాడు. నేను చెప్పలేదు. నాయన మైకు వదిలిపెట్టి, బల్ల దిగి, అమ్మ ముందుకు వచ్చి నిలబడ్డాడు. గొంతు తగ్గించి, సరే అన్నాడు. అది ముందు వరసలో ఉన్న మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ వినబడలేదు.